ముప్పై ఒకటో మిల్లీమీటరు

ముప్పై ఒకటో చుక్క దగ్గర గీత లేచింది. లేవకూడని చోట లేచింది. ఆమె కుర్చీలో ముందుకి వంగి, తెర మీద కప్పిన నల్లగుడ్డ అంచు ఎత్తి మళ్ళీ చూసింది. ముప్పై దాకా ఎప్పుడూ ఉండే రెండు గుట్టల్లా నున్నగా పడుకుని ఉన్న రాత, ఐదువందల నలభై ఐదు అంకె దగ్గర సూదిమొనంత పైకి పొడుచుకొచ్చింది. పొరపాటేమో, ఒక్కోసారి ఆకాశంలోంచి ఏ రేణువో వచ్చి పరికరానికి తగిలినా ఇలాంటి ముల్లే లేస్తుంది, మరుసటి చుక్కకి ఉండదు, ఒక్క నిమిషం ఆగితే తేలిపోతుంది. చుక్కకి ఒక నిమిషం, మిల్లీమీటరుకి ఒక చుక్క, అరవై మిల్లీమీటర్ల కడ్డీ, వెరసి గంట. ముప్పై రెండో చుక్క వచ్చింది. గీత అక్కడే ఉంది. పైగా కాస్త పెరిగింది.

తలుపు తీయడానికి లేదు. బయట ఎర్రదీపం వెలుగుతోంది, తలుపు వెంట్రుకవాసి కదిలినా లేజరు తనంతట తనే ఆరిపోతుంది, మళ్ళీ ఒకటి నుంచి మొదలు. దీపం వేయడానికీ లేదు, ట్యూబులైటు వెలుగు లోపలికి జారితే రాతలో దొంగగీతలు పుడతాయి. కాబట్టి కూర్చోవాలి, పన్నెండేళ్ళుగా కూర్చుంటున్నట్టే, చీకట్లో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. అందరూ ఆమెని గీతలమ్మ అంటారు, ఆ పేరు పెట్టింది స్టోర్సు ఆయన, మొదట్లో కోపం వచ్చేది, తర్వాత సంతకం పెట్టబోయి అదే రాయబోయింది ఒకసారి. మీటలు నొక్కడమేగా అంటాడు ఆయన. నొక్కడమే. కడ్డీ మీద ఆవగింజలో వందోవంతు పచ్చటి వెలుగు, అది తగిలి చెదిరిన వెలుగులో కోటికి ఒక్కటో అరో రంగు మార్చుకుని వెనక్కి వస్తుంది, లోపల అణువులు ఎలా ఊగుతున్నాయో ఆ మారిన రంగు చెబుతుంది, రామన్ పరీక్ష అంటే అంతే. ఈ కడ్డీ పెరోవ్‌స్కైట్ ఆక్సైడు అనే రాయి, గడి గడికీ మూలల్లో స్ట్రాన్షియం, నడుమ టైటానియం, దాని చుట్టూ ఆరు ఆక్సిజన్లు, కొలిచి పేర్చినట్టు ఉన్నంతసేపూ ఐదువందల నలభై ఐదు దగ్గర గీత పడనే పడదు, ఒక ఊపు ఇంకో ఊపుని సరిగ్గా కొట్టేస్తుంది. ఆక్సిజను ఉండాల్సిన చోట లేకపోతే, ఆ ఖాళీ పక్కన పొందిక చెడితే, అప్పుడు లేస్తుంది. ముప్పై మూడు. ఇంకొంచెం పెరిగింది. రేణువూ కాదు, గీణువూ కాదు.

ఈ కడ్డీని పెంచింది ఆయన, ఆమె మొగుడు. పెంచడం అనే అంటారు, కూతుర్ని పెంచినట్టే, చిన్నది పుట్టినప్పుడు స్టోర్సు ఆయనే అన్నాడు, మీ ఇంట్లో ఒకరు పెంచుతారు, ఒకరు తప్పులు వెతుకుతారు, పిల్ల బాగుపడుతుంది అని. కింద, నేలమాళిగలో కొలిమి, అద్దాల మధ్య దీపాలు, ఆ దీపాల వెలుగంతా ఒక్క చోటికి చేరి రెండువేల డిగ్రీలు, పైకడ్డీకీ కిందికడ్డీకీ నడుమ చింతపిక్కంత కరిగిన బొట్టు, ఆ బొట్టు జారకుండా, సన్నబడకుండా, నల్లద్దం గుండా చూస్తూ కూర్చోవాలి మనిషి, పక్కన గాజుగొట్టంలో ఆక్సిజను ఎంత పోతోందో చెప్పే చిన్న గుండు, అది ఎంత ఎత్తున తేలుతోందో కూడా చూస్తూ ఉండాలి. పదిహేడేళ్ళు. ఒక్క కడ్డీ తిరిగి రాలేదు. వీటిని కొనేవాళ్ళు సంతకం చూడరు, ఆయన పెంచిందేనా అని అడుగుతారు. గంటకి పది మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే మిల్లీమీటరుకి ఆరు నిమిషాలు, గురువారం పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టాడు, తొమ్మిదీ ఒకటీ కాలేదు, రెండూ కాలేదు, ఆమె కళ్ళు మూసుకుని వేళ్ళ మీద లెక్కపెట్టింది, కళ్ళు మూసినా తెరిచినా ఆ గదిలో ఒకటే, ముప్పై ఒకటి ఆర్లు నూట ఎనభై ఆరు, మూడు గంటల ఆరు నిమిషాలు. గురువారం మధ్యాహ్నం పన్నెండూ ఆరుకి ఆక్సిజను తగ్గింది. తగ్గితే గుండు పడుతుంది. గుండు పడితే ఆయన చూడాలి, చూస్తే ఇంకో సిలిండరుకి తిప్పాలి, అర నిమిషం పని. ముప్పై నాలుగు. ఇంకా పెరుగుతూనే ఉంది. పద్దెనిమిది నిమిషాలుగా కొలిమి కిటికీ దగ్గర మనిషి లేడు.

మనిషి లేడు. గురువారం వస్తానండీ, సాయంత్రం కుదరకపోతే మధ్యాహ్నమైనా, అని ఆయన వరండాలో ఫోనులో చెప్పడం ఆమె విన్నది, బట్టలు ఆరేస్తూ విన్నది, ఆమె అడుగుల చప్పుడుకి ఆయన సరే ఉంటానని పెట్టేయడమూ విన్నది. ఎవరు అంటే ఎవరో లే అన్నాడు. ఇదివరకు ఎవరో లే అనేవాడు కాదు. మాట్లాడుతూ ఆమె మొహం వైపు చూడలేదు. నాలుగు నెలలుగా చూడ్డంలేదు, చెవి పక్కకి చూస్తాడు, ఆమె వెనక గోడ మీద బల్లి ఏదో పాకుతున్నట్టు, మొదట ఆమె నిజంగానే వెనక్కి తిరిగి చూసింది రెండు మూడు సార్లు. వదిన వచ్చినప్పుడు, అంటే ఆయన సొంత అక్కే, వంటింట్లో గిన్నెలు తుడుస్తూ నవ్వుతూనే అన్నది, మొగుడు మొహం చూసి మాట్లాడ్డం మానేశాడంటే ఇంట్లో వెతక్కూడదమ్మాయ్, వీధిలో వెతకాలి. నవ్వులాటే. కానీ నవ్వులాటకి అన్న మాట ముల్లులా దిగింది, రాత్రి పక్క మీద పడుకుంటే గుచ్చుకుంది. పోయిన నెల పెద్దసారు, ఈ సంస్థకంతా ఆయనే పెద్ద, నడవలో ఎదురైతే మీవారు ఈమధ్య నమస్కారం కూడా పెట్టడం లేదమ్మా, పెద్దవాళ్ళైపోయారు అన్నాడు, ఆమె నవ్వి సర్దింది, ఇంటికొచ్చి అడిగితే ఆయన ఎప్పుడు ఎదురయ్యాడూ అన్నాడు, అంత అమాయకంగా. తేలుకుట్టిన దొంగ కూడా అంత అమాయకంగా ఉండడు. వేరే కంపెనీవాళ్ళు పిలుస్తున్నారేమో. లేకపోతే. లేకపోతే ఏమిటో ఆమె మనసు ఆ మాట దాకా వెళ్ళి, వేడి గిన్నె ముట్టుకున్నట్టు వెనక్కి వచ్చింది.

ముప్పై ఐదు. అంటే గురువారం పన్నెండున్నర. పన్నెండూ ఇరవైకి తనే ఫోను చేసింది కదా. ఆ రోజు మీటింగు వల్ల కిందికి వెళ్ళలేదు, లేకపోతే రోజూ కొలిమి పక్కనే బల్ల మీద ఇద్దరూ క్యారేజీ విప్పుకుంటారు, అందుకని చేసింది, తిన్నారా అని. కళ్ళలో వత్తులేసుకుని కూర్చున్నానే, తర్వాత మాట్లాడతా, అన్నాడు. అబద్ధం. ఇదిగో ఇక్కడ, ముప్పై మూడుకీ ముప్పై నాలుగుకీ నడుమ ఆ ఫోను ఉంది, ఆ అబద్ధమూ ఉంది, రాయిలో గడ్డకట్టి. లేక తన ఫోను వల్లే ఆయన ధ్యాస చెదిరి, కాదు, అంతకు ముందే మొదలైంది, ముందే పన్నెండూ ఆరుకే. తన తప్పు కాదని తేలినందుకు ఒక్క క్షణం హాయిగా అనిపించింది, అనిపించినందుకు సిగ్గేసింది. ఇవాళ పన్నెండింటికి అవతలి సంస్థవాళ్ళు వస్తారు కడ్డీ తీసుకెళ్ళడానికి, పన్నెండింటికల్లా కాగితం నా బల్ల మీద ఉండాలి గీతలమ్మా అన్నాడు పెద్దసారు. ఇప్పుడు ఎంతయింది? ఏడెనిమిది చుక్కల సంగతి. చేతి కింద మీట ఉంది. రేణువులు తగిలాయి, తీసేశాను అని రాస్తే ఎవరూ అడగరు, గీతలమ్మ మాట మీద ఇంకో మాట ఉండదు ఈ ఇంట్లో, ఇల్లు కాదు, ఇక్కడ. వాళ్ళు కడ్డీని పలకలుగా కోస్తారు, ఒక పలక పనిచేయదు, మరొకటి పనిచేయదు, ఎందుకో అని ఏ మూలో ఒక అమ్మాయి ఏడాదిపాటు తల పట్టుకుంటుంది తన తప్పే అనుకుని. ఆమె మీట మీద నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ముప్పై ఆరు. ముప్పై ఏడు.

ముప్పై ఎనిమిదో చుక్కకి గీత తగ్గడం మొదలైంది. ముప్పై తొమ్మిదికి లేదు. కత్తితో కోసినట్టు మళ్ళీ నున్నటి రాత. అంటే పన్నెండూ నలభై ఎనిమిదికి తిరిగి వచ్చాడు, వచ్చి చూసుకుని సిలిండరు మార్చాడు. నలభై రెండు నిమిషాలు. నలభై రెండు నిమిషాల్లో ఎక్కడిదాకా పోయి రావచ్చు? మెయిన్ రోడ్డు దాకా. బస్టాండు పక్క వీధి దాకా, స్కూటరైతే. కానీ స్కూటరు తీయడం మానేశాడు కదా, నడిస్తే మంచిదట, పొట్ట తగ్గుతుందట, పొట్టే లేని మనిషికి. నడిచి అంత దూరం పోయి రాలేడు. ఎవరైనా ఎక్కించుకుని పోయుంటే. ఎవరు. ఫోనులో ఏమైనా వినపడిందా, బండ్ల చప్పుడు, మనుషుల చప్పుడు, ఆమె గురువారం నాటి ఆ పది సెకన్లని చెవికి ఆనించుకుని మళ్ళీ విన్నది. కళ్ళలో వత్తులేసుకుని కూర్చున్నానే. దాని వెనక టక్, టక్, టక్. నీళ్ళ పంపు. కొలిమిని చల్లబరిచే పంపు, రెక్క ఒకటి విరిగి మూడేళ్ళుగా అలా కొట్టుకుంటోంది, మార్చమంటే స్టోర్సు ఆయన రాసి పంపానమ్మా అంటాడు, ప్రపంచంలో మరెక్కడా ఆ చప్పుడు లేదు. ఆయన అక్కడే ఉన్నాడు. గుండు పడిపోయి పద్నాలుగు నిమిషాలైన తర్వాత, గాజుగొట్టానికి మూరెడు దూరంలో కూర్చుని, కళ్ళలో వత్తులేసుకుని కూర్చున్నానే అన్నాడు.

అబద్ధం కాదు. అబద్ధం కాకపోవడంతో ఇప్పటిదాకా పట్టుకున్న కొమ్మ విరిగినట్టయింది. మరి కునుకు తీశాడా, కునుకు తీసేవాడు ఫోను మొదటి మోతకే ఎత్తడు. గుండు ఇరుక్కుపోయిందా, ఇరుక్కుంటే తర్వాత ఎలా కదిలింది. ఇంకా ఎన్ని నిమిషాలు, నలభై నాలుగో నలభై ఐదో, గుడ్డ ఎత్తి చూడాలంటే భయమేసింది, ఇంకేం బయటపడుతుందోనని, గోడ గడియారం చూద్దామని తల తిప్పింది. ముళ్ళకి మెరిసే రంగు పూత ఉంది, ఎప్పటిదో, అరిగిపోయి వెలిసిపోయి ఉందో లేదో అన్నట్టు. సూటిగా చూస్తే ఏమీ లేదు. చీకటి. పన్నెండేళ్ళ అలవాటు కొద్దీ ఆమె చూపుని జానెడు పక్కకి జరిపింది, గడియారం పక్కన ఉన్న అలమార వైపు, వెంటనే చూపు అంచులో రెండు ముళ్ళూ తేలాయి, పదకొండూ నలభై ఐదు. ఈ గదిలో పనిచేసే అందరికీ తెలిసిన కిటుకే, మసకదాన్ని చూడాలంటే సూటిగా చూడకూడదు, పక్కకి చూడాలి. పక్కకి చూస్తేనే కనిపిస్తుంది. ఆమె అలమార వైపే చూస్తూ ఉండిపోయింది.

పక్కకి చూస్తేనే. చెవి పక్కకి. బల్లి లేదు. ఎవరూ లేరు. దేవుడా, అన్నది ఆమె పైకే, ఆ గదిలో మాట్లాడ్డం తనకే వింతగా వినిపించింది. పెద్దసారు ఎప్పుడు ఎదురయ్యాడూ అంటే నిజంగానే కనబడలేదు. స్కూటరు. చిన్నదాన్ని కూర్చోబెట్టుకుని పేపరు మొత్తం చదివించుకోవడం, నీ ఉచ్చారణ బాగుపడుతుందే అని, అది విసుక్కుంటుంటే బతిమాలడం. గ్లాసులో నీళ్ళు పోస్తూ వేలు అంచు మీద పెట్టుకోవడం, ఏమిటా మురికి అలవాటు అని తనే కసిరింది. చొక్కా బొత్తాం ఒకటి తప్పి పెట్టుకుని పెళ్ళికి తయారైతే చిన్నది నవ్వింది, తనూ నవ్వింది, ఆయనా నవ్వాడు, అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు. ఒక్కొక్కటిగా తెలుసు అన్నీ. ఒకటీ తెలియలేదు. లోకంలో ఎవరి రాయిలోనైనా ఒక్క అణువు తప్పిపోతే పట్టుకుంటుంది గీతలమ్మ, పక్క మీద పక్కన పడుకున్న మనిషి కళ్ళు నాలుగు నెలలుగా, ఇంకా ముందు నుంచేనేమో, పదిహేడేళ్ళు ఆ బొట్టుని చూసీ చూసీ, నల్లద్దం ఉన్నా సరే, ఏమో, దానివల్లేనో కాదో డాక్టర్లు చెప్పాలి. డాక్టరు. గురువారం వస్తానండీ. డాక్టరుకే చెప్పాడు. తనకి చెప్పలేదు. తనకెందుకు చెప్పలేదు. పైకి లేచింది, తలుపు దాకా రెండడుగులు వేసింది, గొళ్ళెం మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది. ఇప్పుడు తీస్తే అంతా పోతుంది, మళ్ళీ ఒకటి నుంచి, పన్నెండింటికి కాగితం ఉండదు, ఎందుకు లేదని అడుగుతారు, ఆయన్ని పిలుస్తారు, ఆయన గోడ వైపు చూస్తూ నిలబడతాడు అందరి ముందూ. తీయకూడదు. తిరిగి వచ్చి కూర్చుంది. నలభై తొమ్మిది. నున్నగా. యాభై. తలుపు అవతల ఎవరో నిలబడి ఉన్నారని ఆమెకి తెలుస్తోంది, దగ్గు వినపడింది, గొంతు సవరించుకునే పొడి దగ్గు, పదిహేనేళ్ళుగా వింటున్నది. సోమవారం నుంచి కొత్త ఆర్డరు, ముప్పై కడ్డీలు, రెండు నెలలు, రెండువేల డిగ్రీల దగ్గర, ఒత్తిడి పట్టిన గాజు గొట్టం ముందు, మొహం కిటికీకి ఆనించి. గొట్టం పగిలితే. యాభై మూడు. త్వరగా, త్వరగా, అని పరికరాన్ని బతిమాలింది, అది ఎవరి మాటా వినదు. యాభై ఆరు. ఏమని అడగాలి, మీకు కనబడ్డం లేదా అనా, అలా అడుగుతారా ఎవరైనా. యాభై తొమ్మిది. అరవై. లేజరు ఆరింది.

ఆమె దీపం వేసి, రాతని అచ్చు తీసి, మామూలుగా కాగితంతో జతచేసే ఫారం కూడా తీసుకుని తలుపు తీసింది. నడవలో వెలుగు కళ్ళలో పొడిచింది. ఆయన గోడకి ఆనుకుని ఉన్నవాడల్లా నిటారుగా నిలబడ్డాడు, చేతిలో క్యారేజీ.

"ఎలా ఉంది?" అన్నాడు, ఆమె ఎడమ చెవి పక్కకి చూస్తూ.

"ముప్పై ఒకటి నుంచి ముప్పై ఎనిమిది దాకా ఉంది."

ఆయన ఏం ఉంది అని అడగలేదు. పెదాలు కదిలాయి, లెక్కపెడుతున్నాడు. "పన్నెండూ ఐదూ ఆరూ," అన్నాడు. "నలభై ఎనిమిదికి సర్దాను. చప్పుడు మారింది, గ్యాసు పోయే చప్పుడు పల్చబడ్డట్టనిపించింది. లేచి గొట్టం మీద మొహం పెట్టి చూస్తే గుండు అడుగున ఉంది."

"అంతదాకా..."

"అంతదాకా పైనే ఉందనుకున్నానే. రోజూ ఎక్కడ ఉంటుందో అక్కడే ఉందనుకున్నాను."

నడవ చివర ఎవరో తలుపు వేసుకున్నారు. ఆమె అడగాలనుకున్నవి పది ఉన్నాయి, ఒకటే వచ్చింది. "ఇప్పుడు నేను కనిపిస్తున్నానా?"

ఆయన చూపు ఆమె చెవి పక్కనే ఉంది, కదల్లేదు. "కనిపిస్తున్నావు. ఏడుస్తున్నావు. సూటిగా చూస్తేనే కనబడవు. నడిమధ్యలో మసక. ఏది చూడాలని చూస్తానో సరిగ్గా అదే పోతుంది." మళ్ళీ అన్నాడు, "నిన్ను చూడాలనే ఇలా పక్కకి చూస్తున్నది."

"వదిన ఏమందో తెలుసా," అన్నది ఆమె, ఏడుస్తూనే నవ్వొచ్చి, చెప్పలేక మానేసింది. ముక్కు తుడుచుకుని, "డాక్టరు ఏమన్నాడు?" అన్నది.

"గురువారం సాయంత్రం వెళ్ళాను, కడ్డీ దింపేశాక. బాగుచేయడానికి లేదట. పూర్తిగా పోదట కూడా, చుట్టూ ఉన్నది ఉంటుందట. ఈ ఒక్క ఆర్డరూ చేసేసి చెబుదామనుకున్నాను నీకు. ముప్పై కడ్డీలేగా అని."

"ముప్పై కడ్డీలేగా!"

"అరవకు. తెలుసు." క్యారేజీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "శుక్రవారం కొలిమి ముందు కూర్చుంటే చేతులు వణికాయి. నాకు. ఎవరికైనా చెప్పానా అది?"

కడ్డీ సంగతి పెద్ద కష్టం కాదు, మొదటి ముప్పై మిల్లీమీటర్లు కోసి ఇచ్చేయొచ్చు, మిగతాది ఆక్సిజనులో వారం రోజులు కాల్చి చూడొచ్చు, ఖాళీలు చాలావరకు పూడుకుంటాయి, ఆ మాట ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు. ఆమె ఫారం నడవలో బల్ల మీద పెట్టింది. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా లోపం, తను రాసింది. సంతకం పెట్టింది. ఆ పక్క గడి ఉంది, కారణం అని. పన్నెండేళ్ళుగా ఆ గడిలో అడ్డగీత కొట్టడమే అలవాటు. కలం అక్కడే ఆగింది. సిలిండరు ఒత్తిడి తగ్గింది అని రాయొచ్చు. అబద్ధం కాదు.

"కలం ఇటివ్వు," అన్నాడు ఆయన.

"నేను రాస్తానుగా."

"కొలిమి నాది. గడి ఎక్కడుందో వేలు పెట్టు."

ఆమె కాగితం మీద గడి అంచున చూపుడువేలు పెట్టింది. ఆయన ఎడంచేత్తో తడిమి ఆ వేలు పట్టుకుని, కలం దాని పక్కన ఆనించి, మొహం నడవ కిటికీ వైపు తిప్పి, మెల్లగా రాశాడు. అక్షరాలు చిన్నప్పటి కాపీపుస్తకంలోలా పెద్దవయ్యాయి, మూడో మాట కిందికి జారింది, ఆమె వేలు కొంచెం పైకి జరిపితే మళ్ళీ దారిలోకి వచ్చింది. కొలిమి దగ్గర మనిషికి గుండు కనబడలేదు. చూపు తగ్గింది. సోమవారం కొలిమి ముట్టించవద్దు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు, పెద్దసారు గొంతు, ఆ వెనక కొత్త గొంతులు రెండు మూడు. ఆమె తల ఎత్తింది. ఆయన ఎత్తలేదు.

"తేదీ కూడా వేయాలిగా," అన్నాడు. "ఎక్కడ?"

ఆమె వేలు కిందికి జరిపింది.